మూఢానికి ముందు దశమి

నేను ఒక బ్యాటరీని. రూపాయి బిళ్లంత ఉంటాను, దానికంటే తేలిక. టార్చిలైటు బ్యాటరీలతో నాకు బంధుత్వం ఉందిగానీ రాకపోకలు లేవు. వాటి పని వెలుగివ్వడం కాబట్టి అందరికీ కనిపిస్తుంది. నా పని కంప్యూటరు పెట్టెలో, చీకట్లో కూర్చుని టైము గుర్తుపెట్టుకోవడం. మీరు స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, తలుపుకి తాళం వేసి వెళ్లిపోయాక ఆ పెట్టెలో మెలకువగా ఉండేది నేనొక్కదాన్నే. మర్నాడు మీరొచ్చి మీట నొక్కగానే తెర మీద ఓ మూల గంటలూ నిమిషాలూ సరిగ్గా కనిపిస్తాయి చూడండి, అది నా చాకిరీ. దానికి ఇంతవరకు నాకెవరూ థాంక్స్ చెప్పలేదు. చెబుతారన్న ఆశ కూడా లేదు, నేనంటూ ఒకదాన్ని ఉన్నానని తెలిసినవాళ్లే తక్కువ.

ఇప్పుడు నా ఓపిక అయిపోయింది. తెనాలిలో ఒక వినికిడి కేంద్రం బల్ల మీద, అయిపోయిన బ్యాటరీలు వేసే ప్లాస్టిక్ డబ్బాలో పడి ఉన్నాను. నా చుట్టూ ఉన్నవన్నీ చెవి మిషన్లలో వాడే బుల్లి బ్యాటరీలు. కందిగింజలంత ఉంటాయి, వారం పది రోజులు పనిచేసి వచ్చి ఇందులో పడతాయి. మనుషుల చెవుల్లో కాపురం చేసి వచ్చాయేమో, అన్నీ వాగుడుకాయలే. ఎవరింట్లో కోడలు ఏమందో, ఎవరు ఎవరి వెనక ఏమన్నారో రోజంతా అదే గోల. నాది అలాంటి బతుకు కాదు. నాకు తెలిసిన పెద్ద సంగతి ఒక్కటే ఉంది. అది చెప్పి ఊరుకుంటాను.

నేను పుట్టింది ఎక్కడో సముద్రాలకి అవతల ఒక ఫ్యాక్టరీలో. పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేం లేదు. రెండు రేకుల మధ్య మందు పెట్టి నొక్కారు, నేను తయారయ్యాను. తర్వాత నన్నొక కంప్యూటరులో బిగించారు. అది విజయవాడ వచ్చి, అక్కణ్ణించి రేపల్లెలో ఒక ఫొటో స్టూడియోకి చేరింది. పెళ్లి ఆల్బములు తయారుచేసే చోటు. మనుషుల గురించి నా చదువంతా అక్కడే సాగింది. ఉన్నది ఉన్నట్టు కనపడటం వాళ్లకి ఇష్టం ఉండదు. చామనఛాయ ముఖాన్ని తెల్లగా చేయమంటారు. పెళ్లికి అలిగి రాని మేనమామని తెచ్చి వరసలో నిలబెట్టమంటారు. వెనక ఉన్న షామియానా తీసేసి మంచుకొండలు పెట్టమంటారు. ఇంత చేయించినా తేదీ జోలికి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. పెళ్లి ఏ రోజు జరిగిందో ఆ రోజే వేయించుకునేవారు. కాబట్టి నా శాఖలో అబద్ధాలుండవని నేను నమ్మాను.

స్టూడియోవాళ్లు కొత్త కంప్యూటరు కొనుక్కుని మా పాతదాన్ని అమ్మేశారు. కొన్నది స్వర్ణలత. ఆవిడ చదివింది వినికిడి వైద్యం. ఎవరికెంత వినపడుతుందో కొలిచి, తగిన చెవి మిషను ఇచ్చి, కంప్యూటరులో ఒక సాఫ్ట్‌వేరు తెరిచి ఆ మిషనుని ఆ మనిషి చెవికి సరిపడేలా సర్దుతుంది. భర్త రైల్లో గార్డు, ఇంటిపట్టున ఉండే రోజులు తక్కువ. మావగారు ఆంజనేయులు రిటైరైన పోస్టుమాస్టరు. కోడలు తెనాలిలో సొంతంగా కేంద్రం పెడుతుంటే బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్లని పలకరించే పని ఆయన పుచ్చుకున్నారు.

ఆంజనేయులు గారికి రెండు గర్వాలున్నాయి. పోస్టాఫీసులో ఆయన ఉన్నన్నాళ్లూ పొద్దున్నే మొదటి పని తారీఖు ముద్రలో అంకెలు మార్చడం. ఒక్క ఉత్తరం మీద కూడా తప్పు తారీఖు పడలేదని చెప్పుకుంటారు. అది నిజమే అయివుంటుంది, అలాంటి మనిషే. అందుకే తర్వాత జరిగింది తల్చుకుంటే నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. రెండో గర్వం, పద్యాలు బాగా పాడతానని. పని తక్కువగా ఉన్నప్పుడు గొంతెత్తి నాటక పద్యాలు అందుకునేవారు. ఎదురుగా కూర్చున్నవాళ్లు తలూపేవారు. వినికిడి కేంద్రానికి వచ్చేవాళ్లు తలూపితే దాన్ని ఎంతవరకు లెక్కలోకి తీసుకోవచ్చో ఆయన ఆలోచించినట్టు లేదు.

సరిగ్గా కేంద్రం తెరవబోతుంటే మూఢం వచ్చిపడింది. శుక్రుడు కనపడని ఆ రోజుల్లో మనవాళ్లు పెళ్లిళ్లు చేయరు, కొత్త పనులు మొదలుపెట్టరు. ఆగుదామమ్మా అన్నారు ఆంజనేయులు గారు. గదికి అద్దె నడుస్తోందనీ, సాఫ్ట్‌వేరు నేర్పడానికి వచ్చే కంపెనీ మనిషి ఈసారి తప్పితే మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదనీ, చెవులు వినపడనివాళ్లు మూఢం పోయేదాకా ఆగలేరనీ స్వర్ణ నచ్చచెప్పింది. ఆయన సరేనన్నారు. నోటితో అయితే అన్నారు.

మామూలుగా ఇల్లు మారేవాళ్లు ఇలాంటప్పుడు ఒక పని చేస్తారు. మూఢం రాకముందే మంచిరోజు చూసి కొత్తింట్లో పాలు పొంగించి వచ్చేస్తారు. ప్రవేశం అయిపోయింది కాబట్టి ఇక సామాను ఎప్పుడు చేర్చుకున్నా దోషం ఉండదు. ఆంజనేయులు గారికి ఆ అవకాశమూ లేకపోయింది, అప్పటికి గది చేతికి రాలేదు. అందుకని ప్రారంభం రోజు కంప్యూటరు బిగించడానికి వచ్చిన మెకానిక్కుని, కోడలు బయట ఎవరినో సాగనంపుతున్నప్పుడు, దగ్గరికి పిలిచారు.

"దీనికి మనం ఏ తారీఖు చెబితే ఆ తారీఖేగా?"

"అంతేగా మరి."

"అయితే మూఢానికి ముందు దశమి పెట్టు. దాని మటుకు అది ఆ రోజే మొదలెట్టినట్టు."

మెకానిక్కు నవ్వి, ఆయన చెప్పినట్టే చేశాడు. తేదీని ఇంటర్నెట్టు నుంచి తనంతట తనే సరిచేసుకునే ఏర్పాటొకటి ఉంటుంది, పనిలో పనిగా దాన్నీ ఆపేశాడు. చెప్పిన టైము గుర్తుపెట్టుకోవడమే నా వంతు. నిజమా అని అడిగే నోరు నాకు లేదు. ఆ క్షణం నుంచి లోకమంతా ఒక నెలలో ఉంటే మేం దాని వెనక నెలలో ఉన్నాం. గంటలూ నిమిషాలూ మాత్రం గోడ గడియారంతో సమానంగా నడిచేవి. స్వర్ణ చీటీల మీద తేదీ చేత్తోనే రాసుకునేది కాబట్టి తెర మీది తేదీతో ఎవరికీ పని పడలేదు. మూఢం వెళ్లగానే సరిచేయిద్దాం అనుకున్నారు ఆంజనేయులు గారు. మూఢం వెళ్లింది, ఆయన మర్చిపోయారు. ఇంకో విశేషం ఏమిటంటే, మొదలుపెట్టిన కొన్నాళ్లకే నా లెక్కలోనూ మూఢం వచ్చింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పేషెంట్లు ఎప్పటిలాగే వచ్చారు.

అలా వచ్చినవాళ్లలో పున్నయ్య ఒకడు. పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయిస్తాడు. ఆంజనేయులు గారి ఈడువాడే. పద్యనాటకంలో ఒక పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని అరవడం, నటుడు అదే పద్యం మళ్లీ ఎత్తుకోవడం మీకు తెలిసిందే. ఒక ఊళ్లో జనం అలా అరిచారు, నటుడు మళ్లీ ఎత్తుకున్నాడు. పున్నయ్యకి ఆ అరుపు చెవిన పడలేదు. తర్వాతి పద్యం రాగంలోకి వెళ్లిపోయాడు. నటుడిది ఒక దారి, హార్మోనియానిది ఒక దారి అయ్యేసరికి జనం నవ్వారు. ఎన్నాళ్లనుంచో నటుల పెదవులు చూసి, అలవాటు మీద నెట్టుకొస్తున్నాడని అప్పుడు బయటపడింది.

పున్నయ్య చెవి మిషను పెట్టించుకున్నాడు. మాటలు బాగానే వినపడ్డాయి, హార్మోనియమే పాడైపోయినట్టు వినపడింది. దానికి కారణం ఉంది. చెవి మిషన్లు ఒక్కోసారి వాటంతటవి ఈల వేస్తాయి. ఆ ఈలని నొక్కేసే ఏర్పాటు వాటిలోనే ఉంటుంది. హార్మోనియం స్వరం పొడుగ్గా, తెగకుండా సాగుతుంది కదా, మిషను దాన్ని కూడా ఈలే అనుకుని నొక్కేసేది. పాపం పున్నయ్య స్వరం పట్టుకుంటే అది చెవిలో వణికి, వంకర తిరిగి, చచ్చిపోయేది. స్టేజీ మీద పాడేవాళ్లు శ్రుతిలో ఉన్నారో లేదో కూడా తెలిసేది కాదు. సంగీతానికి వేరే అమరిక చేయాలంది స్వర్ణ. చాలాసార్లు కూర్చోబెట్టి, హార్మోనియం పక్కనే పెట్టించి, ఒక్కో స్వరం ఎలా వినపడుతుందో అడిగి, కొలిచి, ఆ కొలతలన్నీ సాఫ్ట్‌వేరులో దాచింది. ఇక వాటిని మిషనులోకి ఎక్కించడమే తరవాయి. దానికోసం ఒక రోజు రమ్మంది. ఆ సాయంత్రమే బాపట్లలో నాటకం ఉందనీ, అది కూడా చెడితే కీబోర్డు వాయించే ఇంకొకర్ని పెట్టుకుంటామని నాటక సమాజంవాళ్లు తేల్చి చెప్పేశారనీ, పొద్దున్నే వస్తాననీ పున్నయ్య చెప్పి వెళ్లాడు.

చెప్పినట్టే హార్మోనియం పెట్టె మోసుకుని వచ్చాడు. స్వర్ణ సాఫ్ట్‌వేరు బొమ్మ మీద నొక్కింది. చిన్న చక్రం తిరిగింది. అప్‌డేట్ చేసుకోవాలి అని ఒక గడి వచ్చింది. సరేనంది. చక్రం మళ్లీ తిరిగి, అప్‌డేట్ కుదరలేదు అని ఇంకో గడి వచ్చి, రెండూ కలిసి మాయమయ్యాయి. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే వరస.

అప్పుడు మొదలయ్యాయి తిప్పలు. కంప్యూటరు ఆపి మళ్లీ వేసింది. తీగలన్నీ పీకి మళ్లీ గుచ్చింది. ఇంటర్నెట్టు పెట్టెని ఆపి మళ్లీ వేసింది, తర్వాత తన ఫోనులోంచి ఇంటర్నెట్టు ఇచ్చి చూసింది. చివరికి కంపెనీ సహాయ కేంద్రానికి ఫోను చేసింది. అవతల అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. ముందు స్వర్ణ చేసినవన్నీ మళ్లీ చేయించింది. యాంటీవైరస్ ఆపమంది. సాఫ్ట్‌వేరుని పెద్ద అధికారంతో నడిపే పద్ధతి ఒకటుంది, దాన్ని ప్రయత్నించమంది. ఏ ఫోల్డరులోకో వెళ్లి పాత తాత్కాలిక ఫైళ్లు చెరిపేయమంది. ఏదీ ఫలించలేదు. మధ్యలో, కంప్యూటరులో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయా అని కూడా అడిగింది. స్వర్ణ తెర మూలకి చూసి, గోడ గడియారం వైపు చూసి, సరిగ్గానే ఉన్నాయండీ అంది. గంటలూ నిమిషాలూ చూసింది. వాటి కిందే ఉన్న తేదీని చూడలేదు. మనుషులంతే, ఏ రోజో తమకి తెలుసన్న ధీమాతో ఉంటారు.

అసలు లోపల జరుగుతున్నది వేరు. అప్‌డేట్ తెచ్చుకోవాలంటే సాఫ్ట్‌వేరు వెళ్లి కంపెనీ కంప్యూటరుతో మాట్లాడాలి. మాట్లాడే ముందు అవతలిది తన గుర్తింపు పత్రం చూపించాలి. ఆ మధ్యే కంపెనీవాళ్లు ఆ పత్రాన్ని కొత్తగా మార్చారు. అది ఏ తేదీ నుంచి చెల్లుతుందో ఆ తేదీ మాకింకా రాలేదు. మా లెక్కలో ఆ పత్రం పుట్టనే లేదు. పుట్టని పత్రం పట్టుకొచ్చినవాణ్ణి మా కంప్యూటరు దొంగ అనుకుంది, తలుపేసింది. సాఫ్ట్‌వేరేమో అప్‌డేట్ లేనిదే కళ్లు తెరవనని మొండికేసింది. ఇద్దరూ తమ ధర్మం తాము చేస్తున్నారు. తప్పు తేదీని గుండెల్లో పెట్టుకుని నేను కూడా నా ధర్మమే చేస్తున్నాను.

తేదీ మాట వినపడగానే బల్ల దగ్గర పేపరు చదువుతున్న ఆంజనేయులు గారు పేజీ తిప్పడం ఆపేశారు. ఆయనకి గుర్తొచ్చింది. చెప్పేయొచ్చు. కానీ ఎదురుగా బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు. మూఢం పట్టింపు వదిలేశానన్నట్టు కోడలికి సరేనని చెప్పి, ఆమె అటు తిరగ్గానే చేసిన పని. పైగా తారీఖు విషయం. ఆయన మళ్లీ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. దీనివల్ల అయివుండదులే అనుకుని ఉంటారు. మనసు అలాంటి మాటలు బాగా అందిస్తుంది.

చివరికి సహాయ కేంద్రం అమ్మాయి, ఇక సాఫ్ట్‌వేరుని పూర్తిగా తీసేసి కొత్తగా వేయడం ఒక్కటే మార్గం అంది. దాచిన కొలతలు పోతాయా అని స్వర్ణ అడిగింది. సాఫ్ట్‌వేరు తెరుచుకోవడం లేదు కాబట్టి వాటిని బయటికి తీసే వీలు లేదని, పోతాయని, క్షమించమని ఆ అమ్మాయి చెప్పింది. స్వర్ణ ఫోను బల్ల మీద పెట్టింది. తర్వాత పున్నయ్య వైపు తిరిగి, ఆయన మిషను పెట్టుకున్న చెవి దగ్గరికి వంగి, కొలతలన్నీ మొదటినుంచి తీయాల్సి ఉంటుందని, సాయంత్రానికి కుదరదని మెల్లగా చెప్పింది.

పున్నయ్యకి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"నీ తప్పేముందిలే డాక్టరమ్మా. ఇయ్యాళ కాకపోతే ఇంక నాకు ఇది ఎందుకు? నా కుర్చీలో ఇంకోళ్లు కూర్చుంటారు. ఇంటో మాటలకి ఈ మిషను చాల్లే."

హార్మోనియం పెట్టెకి ఉన్న బెల్టు భుజానికి తగిలించుకున్నాడు. తెర మీద ఆఖరి గడి వచ్చింది. అంతా చెరిగిపోతుంది, ఖాయమేనా అని అడుగుతోంది. స్వర్ణ మౌసు మీద చెయ్యి పెట్టింది.

"అమ్మాయ్, ఆగు," అన్నారు ఆంజనేయులు గారు. పేపరు కింద పడిపోయింది. "దాని తారీఖు తప్పు. నేనే తప్పు పెట్టించాను."

స్వర్ణ అప్పుడు చూసింది తేదీని. మౌసు మీది చెయ్యి తీసేసింది.

"దీనికి ఏ తారీఖు పెట్టించారు మావయ్యా?"

"మూఢానికి ముందు దశమి."

ఆమె తెర వైపు తిరిగి ఆ చెరిపేసే గడిని మూసేసింది. దులిపేసి ఉంటే ఆయన తల ఇంకాస్త పైకి ఉండేదేమో. అంతలో పున్నయ్య, ఆయన ఏమన్నారమ్మా, నాకు సగమే అందింది అన్నాడు. చెప్పక తప్పలేదు. ఆంజనేయులు గారు లేచి నిలబడి, గొంతు పెంచి, ఇంకా పెంచి, మంచిరోజు కోసం తాను కంప్యూటరుకి దొంగ తారీఖు పెట్టించానని, అది వెనక నెలలో ఉండిపోయిందని, అందుకే పని ఆగిందని ఒక్కో మాటా విడగొట్టి చెప్పారు. బెంచీ మీద నలుగురిలో చెవులు వినపడనివాళ్లకి కూడా వినపడింది. ముప్ఫై ఏళ్లకి పైగా తారీఖులు సరిగ్గా కొట్టిన చెయ్యి బల్ల అంచుని గట్టిగా పట్టుకుంది. ఆ క్షణంలో నాకు ఆయన మీద ఉన్న కోపమంతా పోయింది.

పున్నయ్య ఆయన వైపు తిరిగాడు.

"నా చెవులు పొయ్యేటప్పుడు మంచీ చెడూ చూసుకుని పోలేదు గదండీ. వొచ్చేటప్పుడు మాత్రం ఎందుకండీ అయ్యన్నీ?" అని భుజానికున్న పెట్టె దించి కింద పెట్టాడు.

స్వర్ణ తేదీ సరిచేసింది. నేనొక్క ఉదుటున వెనక నెల నుంచి ఈ నెలలోకి వచ్చి పడ్డాను. మధ్యలో రోజులు ఏమయ్యాయని నన్నడక్కండి, నేను వాటిని చూడలేదు. అవతలి కంప్యూటరు మళ్లీ తన పత్రం చూపించింది, ఈసారి మాది లేచి నమస్కారం పెట్టింది. అప్‌డేట్ దిగడానికి చాలాసేపు పట్టింది. పున్నయ్యని బాపట్ల తీసుకెళ్లడానికి బయట నాటకంవాళ్ల వ్యాను వచ్చి హారను కొట్టింది. మిషను తీసి కంప్యూటరుకి తగిలించి ఉంది కాబట్టి పున్నయ్యకి అది వినపడలేదు, వినపడినవాళ్లెవరూ ఆయనకి చెప్పలేదు. తెర మీద అప్‌డేట్ గీత చివరిదాకా నిండింది, సాఫ్ట్‌వేరు తెరుచుకుంది. పున్నయ్య పేరు, ఆయన కొలతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. స్వర్ణ వాటిని మిషనులోకి ఎక్కించి, ఆయన చెవికి పెట్టి, వాయించి చూడమంది.

పున్నయ్య హార్మోనియం మూత తీశాడు. ఒక మెట్టు మీద వేలు పెట్టి తిత్తి మెల్లగా ఊపాడు. స్వరం సాగింది. ఇదివరకు అది వణికి చచ్చిపోయే చోటికి వచ్చేసరికి ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. స్వరం ఆ చోటు దాటి ముందుకు వెళ్లింది. వేలు తీయలేదు. గాలి ఉన్నంతసేపూ అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

వాద్యం ఒక్కటే సరిపోదు, దాంతో కలిసి గొంతు ఎలా వినపడుతుందో కూడా చూడాలి, ఎవరైనా పాడండి అంది స్వర్ణ. బెంచీ మీదివాళ్లు ఆంజనేయులు గారి వైపు చూశారు. అంతకుముందే నలుగురిలో తల దించుకున్న మనిషి, వద్దు వద్దన్నారు. పున్నయ్య ఆయన్ని చూసి శ్రుతి ఇచ్చాడు. హార్మోనియం పిలిస్తే పద్యం తెలిసినవాడు ఎంతసేపు ఊరుకోగలడు? ఆయన గొంతు సవరించుకుని తనకిష్టమైన పద్యం ఒకటి అందుకున్నారు. మొదటి పాదం అయింది. రెండో పాదంలో రాగం పైకి తీసి, చెయ్యి గాల్లో తిప్పారు. ఆ తిప్పడం ఇంకా పూర్తికాకముందే హార్మోనియం ఆగిపోయింది.

"పోస్టుమాస్టరు గారూ," అన్నాడు పున్నయ్య, కొంచెం మొహమాటంగానే. "శ్రుతి తప్పారండీ. కిందికి జారారు."

స్వర్ణ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన పాటకి ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆంజనేయులు గారు గాల్లో ఉన్న చెయ్యి దించడం కూడా మర్చిపోయి, కళ్లనిండా నీళ్లతో నవ్వుతూ పున్నయ్య ముందుకి వంగారు.

"ఏమన్నావు పున్నయ్యా? మళ్లీ అను."

పాపం, ఈయనకి సరిగ్గా వినపడలేదేమో అనుకుని, పున్నయ్య ఇంకొంచెం గట్టిగా చెప్పాడు.